వానాకాలం తెలియని సర్వే మామ

సర్వే మామ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున్నే ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలనే పోయిండత్తమ్మా, ఎవ్వరినీ తక్లీఫ్ పెట్టలే" అంది. వయసు ఎనభై తొమ్మిదా, తొంభై రెండా అన్నది ఆ ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు. బతుకంతా ఊళ్లనూ వాగులనూ కొలిచిన మనిషి వయసు మాత్రం ఎవరూ కొలిచి పెట్టలేదు.

ఫోన్ పెట్టేశాక నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్లాను, ఎందుకు వెళ్లానో తెలియక వెనక్కి వచ్చాను. వాకిట్లోకి వెళ్లి చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పాను. "అమ్మమ్మా, కాసేపు కూర్చోరాదా" అని మనవరాలు బతిమాలింది. "కూర్చునే వయసు వచ్చినప్పుడు చెబుతాలే" అన్నాను. నాకు డెబ్భై అయిదు నడుస్తోంది.

ఉప్పల్ నుంచి నాచారం ఎంత దూరమని? ఆటోలో ముప్పావుగంట పట్టింది. ముందొక లారీ, వెనకొక లారీ. లారీ లేని దారి వెతకడమే సరదాగా బతికిన మనిషి చివరి చూపుకి అలా చేరాను. ఆయనే పక్కన ఉంటే ఆటో దిగమని, ఏ ఇళ్ల వెనక సందులోంచో నడిపించి, పది నిమిషాల్లో చేర్చి ఉండేవాడు.

అరవైల చివరి మాట ఇది. రాష్ట్రం ఒకటయ్యాక కృష్ణా జిల్లా నుంచి బదిలీ అయి వచ్చిన రైల్వే గుమాస్తా మా నాన్న. నాచారంలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. గోడ అవతలి వాటాలో సర్వే మామ. పుట్టింది ఉప్పల్లోనే. సర్వే ఆఫీసులో గొలుసు పట్టుకుని భూమి కొలిచే ఉద్యోగం. ఆయన మా నాన్నను "అన్నా" అనేవాడు. మా నాన్న ఆయన్ను "ఏమండీ" అనేవాడు. ఇద్దరికీ మధ్య గోడ ఉండేది గానీ, అది మోచేతులు ఆనించుకుని మాట్లాడుకోవడానికి సరిపోయేంత ఎత్తే.

వారమంతా కొలిచింది చాలక, ఆదివారం కూడా సైకిలేసుకుని పోయేవాడు. చక్రం చువ్వకు ఎర్ర గుడ్డపీలిక కట్టేవాడు. అది ఒకసారి పైకొస్తే ఒక చుట్టు. వంద చుట్లకొక గులకరాయి జేబులో. ఇంటికొచ్చాక రాళ్లు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించేవాడు. బండ్లబాటలు, చెరువుకట్టలు, మేకలు నడిచిన జాడలు, అన్నీ అందులో ఉండేవి. తారురోడ్డు మాత్రం ఉండేది కాదు. "రోడ్డు మీద ఏమున్నది బిడ్డా? ముంగట లారీ పిర్ర, ఎన్క లారీ మూతి. బాట మీదనైతే ఊరు గనపడ్తది" అనేవాడు.

ఆ పుస్తకాలు నేను దొంగతనంగా చదివేదాన్ని. ఆయన రాతలో కొన్ని ఇప్పటికీ కంఠతా వచ్చు. 'ఇక్కడ తుమ్మముళ్లు, దిగి నడవాలె.' 'ఇక్కడ కుక్క. అరుస్తది, కరవది. అయినా దిగాలె.' 'ఈ గుడిసెల ముసలమ్మ మంచినీళ్లిస్తది, గని ముచ్చట పెడ్తది, గంట పోతది.' భూగోళశాస్త్రం ఇంత శ్రద్ధగా రాసినవాళ్లను కాలేజీలో కూడా చూడలేదు.

కాలేజీ అన్నాను కదా, అసలు గొడవ అక్కడే. నాకు తార్నాక వైపు కాలేజీలో సీటు వచ్చింది. బస్సు వస్తే కిక్కిరిసి వచ్చేది, లేకపోతే రాదు. మొదటి క్లాసు రోజూ పోయేది. హాజరు చాలడం లేదని ఇంటికి చీటీ వచ్చింది. బడి చదువు ముగిసిన సంతోషంలో నాన్నే నాకు సైకిల్ కొన్నాడు. కొని, మూల పెట్టాడు. అప్పుడే నాచారంలో, మల్లాపూర్‌లో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, కంకర లారీలు దుమ్ము లేపుకుంటూ తిరుగుతున్నాయి. నాన్న ఆఫీసులో ఒకాయన సైకిల్ మీద వస్తూ లారీ కింద కాలు పోగొట్టుకున్నాడు. నాన్నకు నా చదువు మీద కోపం లేదు. లారీలంటే భయం. ఆ రెండింటికీ తేడా ఉందని పదిహేడేళ్ల పిల్లకు ఎవరు చెప్పాలి?

"దసరా సెలవులదాకా వెళ్లు. తర్వాత మానేద్దువుగాని" అన్నాడు నాన్న, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ.

నేను గోడ దగ్గరికి వెళ్లి ఏడ్చాను. గోడ అవతల మామ విన్నాడు. ఆ సాయంత్రమే నాన్నతో పందెం లాంటిది వేశాడు. "అన్నా, లారీల రోడ్డు తొక్కకుండ నీ బిడ్డను కీసరగుట్టకు తీస్కపోయి, దీపాలు వెట్టే యాళ్లకు తీస్కొస్త. గంత దూరం పొయ్యొస్తే, గీ తార్నాక ఎంత? సైకిలిస్తవా?"

నాన్న చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఒక్క అడుగు కూడా రోడ్డెక్కకూడదు" అన్నాడు.

"ఎక్కం."

భాద్రపదంలో ఒక ఆదివారం తెల్లవారుతూనే, ఆయన తన సైకిల్ మీద, నేను మూలనున్న నా సైకిల్ మీద బయల్దేరాం. మల్లాపూర్ వెనకనుంచి, చెరువుకట్ట మీదుగా, జొన్నచేల మధ్య బండ్లబాట పట్టి, నాగారం దాటి వెళ్లాం. ఒక చోట దారి తప్పామనిపించి నేను కంగారు పడితే, "పశులు గాసేటోన్ని అడుగుదాం. వాడు చెప్పిన బాట ఎన్నటికీ తప్పది. జర ఎక్కువ దూరం వోతది, గంతే" అన్నాడు. ఎత్తు వస్తే దిగి నడిపించేవాడు. నాకు ఆగడం ఇష్టం లేదు. ముందుకు తొక్కి, ఆయన కోసం వెనక్కి తొక్కి, మళ్లీ ముందుకు. "నువ్వు కీసరకు రెండుసార్లు పోయినట్టున్నవు" అని నవ్వాడు.

గుట్ట మీద సీతాఫలం పొదల్లో పాతకోట ఇటుకలు చూపించాడు. ఒక్కొక్కటీ నా రెండు చేతుల్లో పట్టనంత ఉంది. అంతటా శివలింగాలు, ఎవరో లెక్కపెడుతూ మధ్యలో వదిలేసి వెళ్లినట్టు.

"ఏ రాజు కట్టాడు మామా?"

"రాజు పేరు నాకు తెల్వది. ఇటుక కొలత తెల్సు" అని జేబులోంచి టేపు తీశాడు.

మధ్యాహ్నం వాన పడింది. గంటసేపు, కుండపోత. గుడి మండపంలో కూర్చుని అటుకులు తిన్నాం. వాన వెలిశాక గుట్ట దిగి, వచ్చిన బాటనే తిరిగి పట్టాం. మల్లాపూర్ అవతలి చెరువు దగ్గరికి వచ్చేసరికి బాట లేదు. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటును మేం అలుగు అంటాం, ఇక్కడ మత్తడి అంటారు. పొద్దున పాదాలు తడిసే నీళ్లలో దాటిన మత్తడి ఇప్పుడు ఎర్రగా, హోరుమంటూ దూకుతోంది.

మామ సైకిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సర్వే వాళ్లు దసరా వెళ్లాక ఊళ్లమీదికి పోతారు, తొలకరికి ముందే తిరిగొస్తారు. వానాకాలమంతా ఆఫీసులో కూర్చుని మ్యాపులకు సిరా దిద్దుతారు. ఆయన ఆదివారాలు కూడా అంతే, వానలు మొదలైతే సైకిల్ ఇంట్లో. చుట్టుపక్కల ప్రతి చెరువునూ గజాల్లో చెప్పగల మనిషి ఒక్క చెరువు నిండటం చూడలేదు.

"దాటేద్దాం మామా. సైకిళ్లు భుజాన వేసుకుని దాటేద్దాం."

"వద్దు. కట్ట మీదికెళ్లి రోడ్డెక్కుదాం. రెండు ఫర్లాంగులే."

"రోడ్డెక్కితే నా చదువు పోతుంది!"

"చదువు వోతే మల్ల తెచ్చుకుందాం. నువ్వు గొట్టుకపోతే నీ బాపుకు ఏం తెచ్చియ్యాలె నేను?"

రోడ్డెక్కాం. సైకిళ్లు నడిపించుకుంటూ, అంచున, రెండు ఫర్లాంగులు. ఒకే ఒక్క లారీ వచ్చింది. నడుముదాకా బురద చిమ్మి పోయింది. నేను దారి పొడుగునా అబద్ధం తయారుచేసుకుంటూ వచ్చాను.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. లోపల అమ్మ దీపం వెలిగిస్తోంది.

"ఎక్కారా రోడ్డు?"

"లేదు నాన్నా" అన్నాను. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

"ఎక్కినమన్నా" అన్నాడు మామ నా వెనకనుంచి. "రెండు ఫర్లాంగులు. మత్తడి దుంకింది. ఎండకాలం గొలిచిన బాట అది, వానకాలం నాకు తెల్వది. తప్పు నాది, పోరిది గాదు."

నాన్న నా వంక చూడలేదు. అదే పెద్ద శిక్ష. "సరేనండీ. మాట మాటే" అని లోపలికి వెళ్లిపోయాడు.

నేను మామతో మాట్లాడటం మానేశాను. ఎదురొస్తే ముఖం తిప్పుకున్నాను. నా అబద్ధం సంగతి మాత్రం ఆయన ఆ రోజే కాదు, ఈ యాభై ఏళ్లలో ఎన్నడూ ఎత్తలేదు. నాలాంటి నోరున్నదానికి అదెంత కష్టమైన పనో బాగా తెలుసు. నేనైతే వారానికోసారి గుర్తుచేసి ఉండేదాన్ని.

ఆ తర్వాత వానలు వదల్లేదు. ఆయనా వదల్లేదు. ఆఫీసు నుంచి వచ్చి, నెత్తిన గోనెసంచి కొప్పెర వేసుకుని, ముసురులోనే మళ్లీ బయటికి పోయేవాడు. చీకటి పడ్డాక మోకాళ్లదాకా బురదతో వచ్చేవాడు. "ఈయనకేమైనా అయిందా" అని అమ్మ గుసగుసలాడేది. నేను పట్టించుకోనట్టే ఉండేదాన్ని, కిటికీ మాత్రం వదిలేదాన్ని కాదు.

దసరా నాలుగు రోజులుందనగా ఒక మధ్యాహ్నం, సన్నగా తుంపర పడుతుండగా, కొత్త పుస్తకమొకటి పట్టుకుని మా అరుగెక్కాడు. మా ఇంటినుంచి కాలేజీ దాకా, ఇళ్ల వెనక, రైలుకట్ట పక్కన, ఒక్క గజం కూడా రోడ్డు తొక్కని బాట. ప్రతి మలుపు పక్కనా వాన రాతలు. 'ఇక్కడ జారుతది.' 'ముసురు పడితే ఎడమ గట్టు పట్టాలె.' 'కాలువ నిండా పారినా మోకాలు దాటది.'

నాన్న మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు. రైల్వే వాళ్లు కాగితాన్ని అంత తేలిగ్గా నమ్మరు. తిరిగి వెనక్కి తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు.

"మోకాలు అని రాశారు. ఎవరి మోకాలండీ?"

"నాదేనన్నా."

"మీరు ఆరడుగుల మనిషి. చదువుకోవలసింది మా అమ్మాయి."

నాన్న లేచి గొడుగు అందుకున్నాడు. ముగ్గురం కాలువ దగ్గరికి నడిచాం. నాన్న పంట్లాం మడతపెట్టుకుని గట్టున నిలబడ్డాడు. నేను పరికిణీ అంచు గుప్పిట్లో పట్టుకుని నీళ్లలోకి దిగాను. మామ తన కొలత గుర్తుల కర్రను నాన్న చేతికిచ్చి, "నువ్వు సూడన్నా" అని మర్యాదగా అటు తిరిగాడు, రైలుకట్ట వైపు.

నాన్న గొడుగు పక్కన పడేసి, వంగి, కర్రను నా కాలి పక్కన నీళ్లలో నిలిపి, తడిసిన అద్దాల్లోంచి కర్ర మీది గుర్తులు లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"మోకాలికి రెండు వేళ్లు కిందే ఉంది" అన్నాడు చివరికి.

"రాయమంటవా?" తల తిప్పకుండానే అడిగాడు మామ.

కాలువ పారుతోంది.

"రాయండి" అన్నాడు నాన్న.

మామ అటు తిరిగే, వంగి, పుస్తకాన్ని కడుపుకు ఆనించుకుని, పెన్సిల్‌తో రాస్తున్నాడు. కాగితం మీద చుక్క పడకుండా, వానంతా వీపు మీద పడనిస్తున్నాడు.