తాళం వేసిన ఫ్లాట్ నీళ్ల వంతు

మా పై ఫ్లాట్ సార్ చనిపోయారని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చదివాను. ట్యాంకర్ ఆలస్యమవుతుందన్న మెసేజ్ కింద ఉంది ఆ వార్త. బాత్రూంలో నల్ల తిప్పి ఏడ్చాను. సార్‌తో నేను మాట్లాడతానని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాన్న దూరంగా ఒక పాత బొగ్గు కరెంటు ప్లాంటులో పనిచేస్తారు. నెలకు రెండుసార్లు తార్నాకలోని మా ఇంటికి వస్తారు. పొగకు హద్దు పెట్టి, పొగ వదిలే పర్మిట్లు కొనుక్కునే, అమ్ముకునే రూల్స్ వస్తే తమ యూనిట్ మూసేస్తారేమోనని ఆయన ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. విన్నట్టు అమ్మకు కూడా చెప్పలేదు. సార్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు, సాయంత్రాలు అక్కడే నడిచేవారు. ఒకరోజు వెనకే వెళ్లి నాన్న ప్లాంటు సంగతి ఇంగ్లీషులో అడిగేశాను.

"తెలుగుల అడుగు బిడ్డా. రేపు మీ నాయినతోని మాట్లాడేది నువ్వే గద."

"పర్మిట్‌కి తెలుగులో ఏమంటారు సార్?"

"మన బిల్డింగుల నీళ్ల వంతు లేదా? గసొంటిదే. మొదటి అంతస్తాయన మెట్టుగూడకు మారిండు. అయినా దినాం వచ్చి నల్ల తిప్పి పోతడు. ఎందుకు?"

ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుస్తూ ఉండేవారు. తొందరపెట్టేవారు కాదు.

"ఫ్లాట్ లాక్ చేస్తే వంతు కట్ చేస్తరు. ఆయనేమో ఆ వాటర్ పక్కింట్లో ఉండే వాళ్ల అక్కకు ఇస్తడు."

"గదే! మూస్తే సర్కారు ఫ్రీగ ఇచ్చే పర్మిట్లు పోతయంటే పాత ప్లాంటును ఈడ్చుకుంట నడిపిస్తరు. మూసినా కొన్నేండ్లు ఇస్తమంటే మూసేసి కొత్తది కడతరు. భయపడుడు తర్వాత, ముందుగాల రూల్ చదువు."

"మరి మా డాడీది?"

"తెల్వది బిడ్డా."

'ఏమీ కాదులే' అనని పెద్దమనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. ఆ రాత్రి నిద్రపట్టింది.

"నువ్వు విన్నవని నాయినకు చెప్పు. ఆయన గూడ ఒక్కడే భయపడుతుండు," అని అదే సాయంత్రం సార్ అన్నారు. తర్వాత కలిసినప్పుడు "చెప్పినవా?" అని అడిగారు. చెప్పకపోయినా చెప్పానన్నాను. సార్ కళ్లద్దాలు తీసి తుడుస్తూ నిలబడ్డారు. నేను వచ్చేశాను. అదే ఆఖరిసారి.

నిన్న నాన్న వచ్చారు. మెట్ల దగ్గర, పైన సార్ తలుపుకున్న తాళం చూసి ఆగారు.

"ఈ సార్ నీకు ఎరుకేనా?"

"ఎరుకే. డాడీ... ఆ రోజు మీరు ఫోన్లో మాట్లాడింది విన్న."

నాన్న మెట్టు మీద కూర్చుని, పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. పైన వాచ్‌మన్ సార్ ఫ్లాట్ వాల్వు కట్టేస్తున్నాడు. గోడ వెంట పైపులో మిగిలిన నీళ్లు కాసేపు చప్పుడు చేస్తూ కిందికి దిగి, ఆగిపోయాయి.