ఎనిమిదో హంస

పోయిన వారం మా ఇంట్లో కంప్యూటర్ తెర మీద ఒక నోటీసు వచ్చింది. ఈ యంత్రం పాతబడిందనీ, దీనికి ఇకమీదట కొత్త విండోస్ రాదనీ, వేరేది కొనుక్కోమనీ దాని సారాంశం. నాకూ అరవై దాటాయి, రిటైరయ్యాను, ఇలాంటి మాటలు నాకు కొత్త కాదు కాబట్టి పెద్దగా బాధపడలేదు. కానీ పక్కన కూచుని చిక్కుడుకాయలు వలుస్తున్న మా ఆవిడ తలెత్తి, "మీకు అదేదో వచ్చు గదా, లైనక్సు. ఒకప్పుడు కనబడినోళ్ళకంతా చెప్తా ఉంటిరే. అది ఎక్కించండి, కొత్తది ఎందుకు?" అంది. నేను కొళాయి కట్టేసే వంకతో పెరట్లోకి పోయాను. కొళాయి అంతకుముందే కట్టేసి ఉంది.

నాకు వచ్చన్న మాట నిజమే. పదేళ్ళ పైమాటే అది. కాపురం హిందూపురంలో, ఉద్యోగం పెనుకొండ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా. రోజూ రైల్లో పోయి రావడం. ఒకసారి కంప్యూటర్ పత్రిక కొంటే దాంతో పాటు ఒక డీవీడీ ఉచితంగా వచ్చింది. దాంట్లో విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ ఉందనీ, విండోస్‌ని తీసేయకుండా దాని పక్కనే దీన్నీ పెట్టుకోవచ్చనీ, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చనీ రాశారు. వారం రోజులు చదివి, రెండు పేజీల నోట్సు రాసుకుని, ఒక ఆదివారం దేవుడికి దండం పెట్టుకుని చేశాను. అయింది. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి, ఏది కావాలని వినయంగా అడిగాయి. మా ఆవిడ చూసి, "ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టినట్టుంది" అంది. ఆ మాట నాకు నచ్చింది కానీ నచ్చినట్టు కనపడనివ్వలేదు. ఆ తర్వాత రైల్లో పక్కన కూచున్న పాపానికి ఎంతమందికి ఆ రెండు పొయ్యిల కథ చెప్పానో లెక్కలేదు. పొగరు తలకెక్కింది. ఇప్పుడు ఆ మాట అనడానికి నాకు సిగ్గేమీ లేదు.

అదే రైలు దారిలో పెనుకొండ దాటి ఇంకా ముందుకు పోతే ధర్మవరం. అక్కడ మా అక్క, బావ. బావ చీరల డిజైన్లు గీసేవాడు. పట్టుచీర అంచులో పువ్వు రావాలన్నా, కొంగులో నెమలి రావాలన్నా ముందు గళ్ళ కాగితం మీద ఒక్కో గడిలో ఒక్కో చుక్క పెట్టి ఆ బొమ్మ గీయాలి. దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి, ఆ అట్టల దండను మగ్గం పైన కడితే, ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో అట్టలే చెప్తాయి. బావ ముప్పై ఏళ్ళు కాగితం మీద గీసి, తర్వాత కంప్యూటర్ మీద గీయడం నేర్చుకున్నాడు. పెన్సిలుతో చుక్కలు పెట్టిన మనిషి మౌస్ పట్టుకుని మొదట్లో చిన్నపిల్లాడిలా తడబడ్డాడు కానీ, ఆరు నెలల్లో అది ఆయన చేతిలో భాగమైపోయింది. నేను పదిహేను రోజులకొకసారి ఆదివారం పూట పోయేవాణ్ణి. అక్క బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది. మగ్గాల చప్పుడులో బావ, నేను గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడితే ఎవరికీ వినబడదు.

ఇక్కడ బావ వాళ్ళమ్మ చీర గురించి చెప్పాలి. ఆమె మొగుడు, అంటే బావ వాళ్ళ నాయన, పెళ్ళయిన రెండేళ్ళకు ఆమె కోసం తానే నేసిన చీర. కుంకుమరంగు, అంచు నిండా జరీ హంసలు. ఏడు హంసలు వరసగా ముందుకు చూస్తూ పోతుంటే ఎనిమిదోది మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. మళ్ళీ ఏడు ముందుకు, ఒకటి వెనక్కి. చీర పొడుగునా ఇదే వరస. అది అట్టలు కట్టడంలో జరిగిన పొరపాటని బావ అనేవాడు. ముసలామె ఒప్పుకునేది కాదు. "పొరపాటూ కాదు, ఏమీ కాదు. సంతకు పోయేటప్పుడు ఆయప్ప ముందర పోతాండె, నేను బిడ్డను ఎత్తుకొని ఎనక. నేను వస్తాండానో లేదో అని ఇట్లనే తిరిగి చూస్తాండె," అని మెడ తిప్పి చూపించేది. తాను పోయినప్పుడు ఆ చీరే తన మీద కప్పాలని కూడా చెప్పింది.

ఆ కోరిక తీర్చాలంటే చీర ఆమెతో పోతుంది, పోతే అంచు పోతుంది. అందుకని బావ నాలుగు నెలలు కూచున్నాడు. అప్పటికే షుగరుతో ఆయన చూపు మందగిస్తోంది. చీరను ఒళ్ళో పరుచుకుని, భూతద్దం పెట్టి ఒక్కో పోగూ లెక్కపెట్టి, ఎనిమిది హంసలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ పని అయిన రెండు నెలలకు ముసలామె పోయింది. చీర ఆమె మీద కప్పారు. చుట్టాలు అంత మంచి చీర ఎందుకని గొణిగితే బావ, "పోనీలే, కంప్యూటర్లో ఉండాది కదా" అన్నాడట. సంవత్సరీకం అయ్యేదాకా ఆ డిజైన్ మగ్గం ఎక్కకూడదని వాళ్ళింట్లో అనుకున్నారు. కాబట్టి అట్టలు కొట్టించలేదు. ఆయన గీసిన మిగతా డిజైన్లన్నిటి అట్టలూ ఊర్లో ఏదో ఒక మగ్గం మీద ఉన్నాయి. ఇదొక్కటే కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

సంవత్సరీకానికి రెండు నెలలుందనగా బావ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది. అట్టలు కొట్టేవాళ్ళ పెన్‌డ్రైవులు ఊరంతా తిరిగి వస్తాయి, వాటితో పాటు వైరస్‌లూ వస్తాయి. నేను వెంటనే మందు రాసిచ్చాను. డిజైన్లకు విండోస్ అలాగే ఉంచుకో బావా, పక్కన లైనక్స్ పెడతాను, పరాయి పెన్‌డ్రైవులన్నీ దాంట్లోనే తెరువు, ఆ వైరస్‌లు ఇందులో పనిచేయవు అన్నాను. సలహా మంచిదే. ఇప్పుడు ఎవరైనా అడిగినా అదే చెప్తాను, చేయడానికి మాత్రం ఇంకొకరిని వెతుక్కోమంటాను.

ఆదివారం పొద్దున రైల్లో కూచుని కాగితం మీద రాసుకున్నాను. బావ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ మూడు భాగాలుగా కనబడుతుంది. మొదటిది C, విండోస్. రెండోది D, డిజైన్లు. మూడోది E, ఖాళీ. లైనక్స్‌కు అక్షరాలుండవు, నంబర్లుంటాయి. కాబట్టి మూడో నంబరు దాంట్లో లైనక్స్. 'మూడు' చుట్టూ సున్నా చుట్టాను, పిల్లల జవాబు పత్రం మీద చుట్టినట్టు. పెనుకొండ కొండ కిటికీలోంచి వెనక్కి పోతుంటే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. ఆ డిస్కులో అన్నిటికంటే ముందు విండోస్ తన సొంతానికి కట్టుకున్న చిన్న గది ఒకటి ఉంటుంది. మామూలుగా అది కంటికి కనబడదు. లైనక్స్ దాన్నీ లెక్కపెడుతుంది. దాంతో C రెండోది అయింది, D మూడోది అయింది. పైగా D, E రెండూ ఒకే సైజు. మా ఇంటి కంప్యూటర్‌లో ఈ చిక్కు రాలేదు, అక్కడ నేను నంబర్లతో పనిలేని సులువు దారిలో పోయాను. ఇక్కడ తెలివి ఎక్కువై కష్టమైన దారి ఎంచుకున్నాను.

ఎప్పుడూ నేను కూచునే స్టూలు మీద ఆ రోజు బావ కూచున్నాడు, నా పక్కనే. "ఏమప్పా, డిజైన్లు యాడన్నా ఇంకో తావ ఎక్కించి పెట్టుకోవద్దా?" అని అడిగాడు.

"పెన్‌డ్రైవుల నిండా వైరస్సే గదా బావా. అయినా నేను D జోలికే పోవడంలే. E ఖాళీగా ఉండాది, దాంట్లోనే చేస్తాండా."

"నువ్వు చెప్తే సరేలే," అన్నాడు.

తెర మీద నాలుగు వరసలు వచ్చాయి. మూడే ఉండాలి కదా అని ఒక్క క్షణం అనిపించింది. అది నిజం. అనిపించింది. కానీ జేబులోంచి కాగితం తీసి చూస్తే మూడు చుట్టూ సున్నా ఉంది, తెర మీద మూడో నంబరు సైజూ సరిపోయింది. ఇరవై ఏళ్ళు పిల్లలకు, జవాబు వచ్చాక ఒకసారి సరిచూసుకోండి అని చెప్పినవాణ్ణి, సరిచూసుకోకుండా దాన్ని ఎంచుకున్నాను. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అది అడిగింది. ఖాళీదే కదా అని సరే అన్నాను.

మధ్యాహ్నానికి నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చాయి. బావ సంతోషంగా నా వీపు తట్టాడు. విండోస్ తెరిచి, D మీద నొక్కాడు. D లేదు. E ఉంది, ఎప్పటిలాగే ఖాళీగా. బావ మళ్ళీ నొక్కాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నాకు అర్థమైపోయింది. "బావా, నేను తప్పు దాన్ని చెరిపేసినా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు మగ్గాల చప్పుడు ఉండడం వల్ల రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆయన తిట్టలేదు. "అమ్మది కూడానా?" అని ఒక్కమాట అడిగాడు. తలూపాను. ఇంతలో అక్క బజ్జీల పళ్ళెంతో వచ్చి మా మొహాలు చూసి ఏమైందని అడిగింది. "వైరస్ అంతా తినేసినాది," అన్నాడు బావ. తర్వాత నాతో, "మీ అక్కకు చెప్పద్దు" అన్నాడు. నేను చెప్పలేదు.

హార్డ్ డిస్క్ విప్పి తువ్వాలులో చుట్టుకుని హిందూపురం తెచ్చుకున్నాను. చెరిగిపోయిన వాటిని వెతికే ప్రోగ్రాములుంటాయి, అవీ లైనక్స్‌లోనే ఉన్నాయి. కాలేజీకి సెలవు పెట్టి వెతికాను. వేలకొద్దీ బొమ్మలు వచ్చాయి, పేర్లు పోయి ఉత్త నంబర్లతో. మామిడి పిందెలు, రుద్రాక్షలు, కోట కొమ్ములు, ఎవరివో పెళ్ళి ఫోటోలు. ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటూ పోతే పన్నెండో రోజు మధ్యాహ్నం హంసలు కనబడ్డాయి. నాలుగు హంసలు. తెర మీద ఆ డిజైన్ నిలువుగా ఉంటుంది. కింది సగం చెక్కుచెదరకుండా వచ్చింది. పై సగమంతా బూడిదరంగు. దాని మీదే లైనక్స్ కూచుంది. వెనక్కి చూసే హంస ఆ పై సగంలో ఉండేది.

బావ మళ్ళీ గీయడానికి ప్రయత్నించాడు. హంస మెడ తిరగడం లేదన్నాడు. విరిగినట్టు వస్తోందన్నాడు. అప్పటికి ఆయనకు గళ్ళు కనబడడం మానేశాయి, తెరకు మొహం ఆనించి గీసేవాడు. నాలుగైదు సార్లు చూసి, ఒకరోజు ఉన్న నాలుగు హంసలనే కాపీ చేసి పైన పెట్టేశాడు. ఎనిమిదీ ముందుకు చూసేవే. సంవత్సరీకం తర్వాత అది మగ్గం ఎక్కింది, బాగా ఆడింది. ముసలామె అంచు అని ఊర్లో పేరు కూడా వచ్చింది. మొదటి చీర అక్కకే ఇచ్చాడు.

నేను ధర్మవరం పోవడం తగ్గించాను. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, మోకాళ్ళన్నాను. ఆ ఇంట్లో ఆ స్టూలు మీద కూచోలేకపోయాను, అంతే. బావకు పూర్తిగా చూపు పోయాక రెండుసార్లు పోయాను. మూడేళ్ళ కింద ఆయన పోయినప్పుడు పోయాను.

మొన్న ఆదివారం అక్క మా ఊరి పక్కన పరిగిలో ఎవరిదో గృహప్రవేశానికి వచ్చి, తిరిగి పోతూ మా ఇంట్లో దిగింది. ఆ చీరే కట్టుకుంది. మా ఆవిడ అంచు పట్టుకుని చూసి మురిసిపోయింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి కూచున్నాను. సాయంత్రం అక్కను రైలెక్కించడానికి స్టేషన్‌కు పోయాం. బెంచీ మీద కూచున్నాక, ఇక ఉండబట్టలేక, "అక్కా, ఆ పొద్దు వైరస్ కాదు. నేనే చెరిపేసినా" అన్నాను.

"తెలుసు లేరా."

"బావ చెప్పినాడా?"

"ఆయప్ప యాడ చెప్తాడు. మా అత్త చీర ఇరవై ఐదేండ్లు మడత పెట్టినా. ఎనిమిదోది తిరిగి చూడల్ల గదా. ఈ చీర విప్పినప్పుడే చూసినా, తిరగలేదు." అంచు మీద చేయి పెట్టి ఒక్కో హంసనూ వేలితో దాటుకుంటూ పోయింది. "వైరస్ అయితే నువ్వు ఇంటికి రావడం ఎందుకు మానేస్తావు?"

"తెలిసి కూడా ఎందుకు అడగలేదక్కా?"

"అడిగితే నువ్వు రావేమోనని." సంచి మూతి ముడేస్తూ అంది, "అడక్కపోయినా రాలేదు. మీ బావ కండ్లు పోయినంక కూడా, ఆదివారం రైలు టైముకు ఆ స్టూలు తుడిపిస్తాండె."

రైలు వచ్చింది. సంచి అందించాను. అక్క ఎక్కి కిటికీ పక్కన కూచుంది. నాకు ఏడుపొచ్చింది, ప్లాట్‌ఫారం మీద అందరి ముందరే ఏడ్చాను. చెరిగిపోయినవి వెతికే ప్రోగ్రాముతో నాలుగు హంసలనైనా తెచ్చాను. పోకుండా ఊరుకున్న ఆదివారాలు ఏ ప్రోగ్రాముతోనూ రావు. కాలం ఏ ఖాళీనీ అలాగే వదిలిపెట్టదు, ఉన్నవాటినే కాపీ చేసి నింపేస్తుంది, చూసేవాళ్ళకు వరస సరిగ్గానే ఉంటుంది, వెనక్కి తిరిగి చూడాల్సింది ఎక్కడుండాలో తెలిసినవాళ్ళు మాత్రం వేలితో లెక్కపెట్టుకుంటూ ఉండిపోతారు.