మిగతా ముక్కలూ చూడమన్న సుగుణ మేడం

కరిగిన మైనం వాసన తగిలితే చాలు, నాకు ఇవాళ్టికీ సుగుణ మేడం నవ్వు వినిపిస్తుంది. రోగి నుంచి తీసిన కండముక్కను మైనంలో గట్టిపరిచి, పల్చటి పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద చూడటం మా వృత్తి. సూర్యాపేటలో నాకది నేర్పిన డాక్టరు ఆవిడ. సొంతూరు కోదాడ. పని చేస్తూ కూనిరాగాలు తీసేవారు. మధ్యాహ్నం అందరి టిఫిన్ డబ్బాల్లోనూ చెయ్యి పెట్టేవారు.

నేను చేరిన కొత్తలోనే మిర్యాలగూడ నుంచి సైదమ్మ వచ్చింది. రైస్‌మిల్లులో వడ్లు ఆరబోసే మనిషి. కడుపులో క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. కొందరి క్యాన్సర్ కణాల మీద ఎంజైమ్‌లా పనిచేస్తూ వాటిని పెరగమని ఉసిగొల్పే ఒక ప్రోటీన్ మితిమీరి ఉంటుంది. అది ఉంటే, పరీక్షలో కణాల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. దాన్ని అడ్డుకునే మందు కూడా ఉంది. లేనివాళ్లకు ఆ మందుతో ఉపయోగం లేదు. సైదమ్మ ముక్క మొత్తం నీలంగానే ఉండిపోయింది.

"లేదు మేడం," అన్నాను.

ఆవిడ మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. "ఈ ముక్కలో లేదమ్మా. కడుపులో గడ్డ అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట ఉంటుంది, పక్కనే ఉండదు. వేరేచోట తీసిన ముక్కలు ఉన్నాయిగా, వాటికీ చేయించు."

మర్నాడు మరో ముక్కను కటకం కిందికి జరపగానే, చేపల వల పరిచినట్టు గోధుమరంగు గీతలు. మేడం నా భుజం పట్టుకుని ఊపేశారు. వైద్యం చేసే డాక్టరుకు ఫోన్ చేసి, రిపోర్టు టైపయ్యేదాకా కూడా ఆగకుండా నన్ను వెంటబెట్టుకుని రోగులు కూర్చునే హాల్లోకి నడిచారు. సైదమ్మ కూతురి భుజానికి ఆనుకుని కూర్చుంది.

"సైదమ్మా, నీకు పనికొచ్చే మందు ఒకటుంది. జబ్బు మొత్తం పోతుందని చెప్పను. తగ్గే వీలుంది."

"తగ్గితే కారం తినొచ్చా డాక్టరమ్మా? సప్పిడి తిని తిని నోరు సచ్చిపోయింది."

హాల్లో అందరూ నవ్వారు. అందరికంటే ముందు మేడం.

ఎండాకాలం వచ్చేసరికి స్కాన్‌లో గడ్డ బాగా చిక్కిపోయింది. సైదమ్మ ఒళ్లు చేసి, జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు కట్టుకుని మా ల్యాబ్‌కే వచ్చింది. "నేనే నూరిన. జర తిని సూడుండ్రి," అంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా మేడం తినడం ఆపలేదు. అవి కారానికి వచ్చిన నీళ్లేనని ఆవిడ వాదన. సైదమ్మ ఎదురుగా కూర్చుని ఇంకో రొట్టె తుంచింది.

మేడం రిటైరయ్యారు. ఇప్పుడు 'లేదు' అని రాయాల్సిన ప్రతిసారీ నా చెయ్యి ఆగుతుంది. మిగతా ముక్కలూ చూస్తాను. చాలాసార్లు అవీ నీలంగానే ఉంటాయి, అదీ నేనే వెళ్లి చెబుతాను. ఎప్పుడైనా గోధుమరంగు కనిపించిందా, హాలు దాకా నడుద్దామనుకుంటాను గానీ, సగం దారిలోనే పరుగందుకుంటాను.