ఓక్ అడవిలో ప్రదక్షిణం

కరోనాకి విమానాలు ఆగిపోవడంతో, జర్మనీలో మమ్మల్ని చూడటానికొచ్చిన మా అత్తయ్య ఇక్కడే చిక్కుకుపోయారు. ఓ ఆదివారం ఇద్దరం ఓక్ అడవిలో కొండ చుట్టూ నడిచి రావడానికి వెళ్లాం. నేను దారి చూపే బాణం గుర్తు వైపు నడవబోతుంటే, "కొండకి అప్రదక్షిణం చేస్తామా? ఇటు రామ్మా!" అని రెండో వైపు బయల్దేరారావిడ.

గంట తర్వాత దారి మూడుగా చీలింది. చెట్ల మీద దారి గుర్తులేవీ కనిపించలేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆవిడ మాత్రం ఒక్కో దారిలో కాస్త దూరం వెళ్లి, వెనక్కి తిరిగి చూశారు. "ఇదిగో! ఎదురొచ్చేవాళ్లకి కనిపించేలా గుర్తు చెట్టుకి ఇటుపక్క పెట్టారు!" అని కేకేశారు.

అలా ప్రతి చెట్టూ దాటి వెనక్కి చూసుకుంటూ, మధ్యాహ్నానికి బయల్దేరిన చోటికే చేరాం. అప్పుడే వచ్చిన జర్మన్ దంపతులకి అత్తయ్య తెలుగులోనే, చేత్తో చూపిస్తూ, మా దారి చెప్పారు. వాళ్లు బాణాన్ని వదిలేసి అటే వెళ్లారు!

మాస్కు దాచలేకపోయిన ఆవిడ గర్వాన్ని ఎలా మరిచిపోతాను?