కంచె మీదుగా పొగాకు పాఠం

కిటికీ పక్కన కుండీలో పెంచిన పుదీనాను పోయిన వారం కోసి, ఆరబెట్టి, గాజు సీసాలో పోసి పెట్టాను. ఈ ఉదయం మూత తీస్తే పుదీనా వాసన రాలేదు. తడిసిన గోనెసంచిని మూలన పడేస్తే నాలుగు రోజులకు వచ్చే వాసన వచ్చింది. ఎడిన్‌బర్గ్‌లో అక్టోబరు ఎండను నమ్మి తొందరపడ్డాను. ఆకులు గలగలమంటున్నాయి గానీ కాడల్లో ఇంకా తడి ఉంది. సీసా కడుగుతున్నంతసేపూ సుభద్ర ఆంటీయే కళ్ళ ముందు మెదిలింది.

నేను క్రోయిడన్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో ట్రైనీగా చేరినప్పుడు ఆవిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. అప్పటికి ఆంటీకి అరవై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. స్కూలు వంటగదిలో పని చేసేది. సొంత ఊరు కందుకూరు దగ్గర. ఆవిడ తండ్రి జీవితమంతా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గరే గడిపాడట. పచ్చాకును కర్రలకు కట్టి బ్యారన్‌లోకి ఎక్కించడం, రాత్రింబవళ్ళు మంటను కనిపెట్టుకుని ఉండడం, ఆరిన ఆకును మండెలుగా, అంటే పెద్ద కుప్పలుగా, కట్టడం ఆయన పని. ఆ ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టి, క్రోయిడన్‌లో పెరటి మెంతికూరను కూడా ఆంటీ పొగాకంత మర్యాదగా ఆరబెట్టేది. ఎండ తగలని చోట, గాలి ఆడేలా, పలచగా కట్టలు కట్టి వేలాడదీసేది. కాడ విరిస్తే టక్కుమనాలి, వంగిందంటే ఇంకా ఆరలేదన్నమాట. సీసాలో పోశాక కూడా మొదటి పది రోజులూ పొద్దున్నే మూత తీసి, వాసన చూసి, కాసేపు గాలి తగలనిచ్చి మళ్ళీ పెట్టేది. నేను చూసి నవ్వుకునేదాన్ని.

పక్కింట్లో మోరీన్ ఒక్కతే ఉండేది. ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. నరాల జబ్బు వచ్చి కాళ్ళు బిగుసుకుపోతుంటే చేతికర్రతో నడిచేది. నొప్పికి డాక్టరు ఇచ్చే మందులు పని చేయడం లేదని పెరట్లో గాజు షెడ్డులో రెండు గంజాయి మొక్కలు పెంచుకునేది. ఈ దేశంలో అది నేరమని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఆంటీ దాని పేరెత్తేది కాదు. "ఆ మొక్క" అనేది, అంతే. అయినా ఆదివారం ఆదివారం దోసకాయ పప్పు తీసుకెళ్ళి, ఇద్దరూ వంటింట్లో కూర్చుని గంటసేపు మాట్లాడుకునేవారు.

ఒక శనివారం మోరీన్ పార్సిల్ ఏదో మా ఇంటికి వస్తే ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె సంబరంగా ఒక సీసా తెచ్చి చూపించింది. ఆ ఏడాది పంట. ఇంటిని వేడిచేసే బాయిలర్ ఉన్న అల్మరాలో రెండు రోజుల్లోనే ఆరిపోయాయని, శీతాకాలమంతటికీ సరిపోతాయని చెప్పి మూత తీసింది. తడి గోనె వాసన ముక్కుకు కొట్టింది. లావుపాటి మొగ్గల మధ్య బూడిదరంగు దారాల్లాంటిది అల్లుకుని ఉంది.

"నువ్వు మందుల మనిషివి కదా, బాగానే ఉందంటావా?" అని అడిగింది.

దాని గురించి నాకేమీ తెలియదని చెప్పి వచ్చేశాను. బూజు అంటే ఏమిటో, నీరసించిన మనిషి ఊపిరితిత్తుల్లోకి అది వెళ్తే ఏమవుతుందో నేను చదువుకున్నాను. కానీ నా వీసా, ఇంకా చేతికి రాని ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ గుర్తొచ్చాయి. ఆ సీసా గురించి ఒక్క మాటన్నా అందులో నేనూ ఇరుక్కుంటానని అనిపించింది.

మూడు వారాలకు మోరీన్‌కు దగ్గు పట్టుకుంది. తర్వాత జ్వరం వచ్చింది. ఒక మధ్యాహ్నం అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. ఆ సాయంత్రం ఆంటీ చారు వడ్డిస్తూ, డాక్టర్లకు కారణం అంతుబట్టడం లేదట, ఇచ్చిన మందుకు తగ్గడం లేదట అని చెబుతుంటే నేను కంచం పక్కకు జరిపాను. సీసా సంగతి చెప్పేశాను.

"నీకు ఆ వాసన తెలిసిందా?" అని అడిగింది ఆంటీ.

"తెలిసింది ఆంటీ. చెప్తే నా మీదికి వస్తదేమోనని భయమైంది."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది. తిట్టలేదు. వాళ్ళ నాయన సంగతి చెప్పింది. మండె కట్టిన ఆకు పైకి బంగారంలా కనిపిస్తుందట. లోపల వేడెక్కిందా, బూజు పట్టిందా తెలియాలంటే మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాలట. ఒక ఏడు, పొగాకు ఆసామి మంచివాడు కదా, ఈ మాట చెబితే బాధపడతాడని నాయన రెండు రోజులు ఊరుకున్నాడు. మండె మొత్తం పోయింది.

"బాధపెట్టకూడదని ఊరుకున్నాడమ్మా మా నాయన. నువ్వు భయపడి ఊరుకున్నావు. ఆకుకి రెండూ ఒకటే," అంది.

మర్నాడు ఇద్దరం ట్రామ్‌లో ఆసుపత్రికి వెళ్ళాం. మోరీన్ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, దిండ్లకు ఆనుకుని ఉంది. ఏం పీలుస్తున్నావని డాక్టరు అడిగితే సిగరెట్టు మానేశానని మాత్రమే చెప్పిందట. నేను మంచం పక్కన నిలబడి, ఆ రోజు నాకు బూజు వాసన వచ్చిందని, తెలిసీ చెప్పలేదని, క్షమించమని అన్నాను. 

మోరీన్ కిటికీ వైపు చూసింది. "నాకూ వచ్చింది ఆ వాసన. ఉన్నది అదొక్కటే కదా. పారేయమని నువ్వు అంటావేమో చూద్దామని అడిగాను," అంది.



ఆంటీ ఆమె చెయ్యి పట్టుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులోనే, డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పేదాకా తను అక్కడే కూర్చుంటానంది. మోరీన్ చివరికి చెప్పింది. చెప్పినంత మాత్రాన అక్కడికి పోలీసులెవరూ రాలేదు. డాక్టరు విని, రాసుకుని, పరీక్షలు మార్పించి మందు మార్చింది. ఇకమీదట ఏదీ పీల్చవద్దని గట్టిగా చెప్పింది. మోరీన్ ఇంటికి రావడానికి నెల పట్టింది. వచ్చాక ఆ పంట దాచిన మూడు సీసాలనూ ఆంటీ చేతనే పారేయించింది. అంతవరకూ ఆ మొక్కను ముట్టని మనిషి, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ముక్కుకు చున్నీ కట్టుకుని, అన్నీ సంచిలో మూటగట్టింది.

వేసవిలో గాజు షెడ్డులో మళ్ళీ రెండు మొక్కలు లేచాయి. ఈసారి వెన్నలో కాచుకుని తింటానని, పొగ జోలికి పోనని మోరీన్ చెప్పింది. ఆంటీ చాలా రోజులు ముభావంగా ఉంది. సెప్టెంబరులో ఒకరోజు, మెంతికూర కట్టలు కడుతూ కంచె పక్కకు కుర్చీ లాక్కుంది. అవతల మోరీన్ కూర్చుని ఉంది. ఆంటీ ఉన్నట్టుండి వాళ్ళ నాయన పొగాకు గురించి మొదలుపెట్టింది. తొందరపడి వేడి పెడితే పైన ఆరి లోపల తడి ఉండిపోతుందని, చీకటిలో, సన్నటి గాలికి, నిదానంగా ఆరనివ్వాలని, దాచాక కూడా రోజూ తెరిచి చూసుకోవాలని చెప్పింది. "పదును" అన్న మాటకు ఆంటీ ఇంగ్లీషు అడిగితే నేను తడుముకున్నాను. పొడి అయిపోకుండా, తడి మిగలకుండా, ముట్టుకుంటే ఆకు మాత్రం వంగే స్థితి అని చెప్పాను. మోరీన్ ఒక కవరు వెనక అన్నీ రాసుకుంది.

లోపలికొచ్చాక నేను ఆంటీ ముఖం చూశాను. "నేను మా నాయన పొగాకు సంగతి చెప్పా. ఆమె ఏం విన్నదో నాకెట్టా తెలుస్తుంది?" అంది. ఆంటీ చేసింది సరైనదేనని నేను అనను. ఆ మొక్క నేరమే, ఇవాళ ఎవరడిగినా ఆ మాటే చెబుతాను. కానీ మళ్ళీ ఆ మనిషిని ఆక్సిజన్ గొట్టంతో చూడలేక ఆంటీ అలా చేసిందని నాకు తెలుసు. ఆ శీతాకాలం మోరీన్ దగ్గలేదు.

ఆంటీ పోయి రెండేళ్ళయింది. ఎడిన్‌బర్గ్ నుంచి వెళ్ళేసరికి అంత్యక్రియల హాల్లో మోరీన్ చక్రాల కుర్చీలో ముందు వరుసలో ఉంది. 

ఇప్పుడు నేను ఒక ఫార్మసీలో కౌంటరు చూసుకుంటున్నాను. పోయిన నెల ఒక పెద్దాయన, గుండెకు వాడే మాత్రలతో పాటు చెల్లెలు పంపిన ఏదో వేరు పొడి తాగుతున్నానని, ఆకులూ వేళ్ళూ ఏం చేస్తాయిలే అని నవ్వుతూ అన్నాడు. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. ఆయన కళ్ళు మాత్రం నవ్వడం లేదు. నేను మాత్రల సంచిని కౌంటరుకు ఇటువైపే ఉంచి, ఆయనను లోపలి గదిలోకి రమ్మన్నాను. ఆ పొడి ఎందుకు ఆపాలో చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. మోకాళ్ళకు అదొక్కటే పని చేస్తోందన్నాడు. మోకాళ్ళకు ఇంకేం వాడవచ్చో చూద్దామని చెప్పి ఆయన డాక్టరుకు ఫోను కలిపాను. బయట ఎవరో కౌంటరు మీది గంట నొక్కారు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి తలుపు వేశాను.