పైస్వరం దగ్గర అక్క

మా చర్చి క్వయర్‌లో ఆమెను అందరం సొప్రానో అక్క అనేవాళ్లం. ఆడగొంతుల్లో అన్నిటికంటే పైస్థాయిలో పాడేది ఆమే. పాడే ముందు చెప్పులు విడిచి, వట్టికాళ్లతో నేలమీద గట్టిగా నిలబడేది.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పైస్వరాలు తిరిగి రాకపోవచ్చని డాక్టర్ చెప్పాడు. అయినా ఆ ఎండాకాలం హనుమకొండలో జరిగిన సంగీతోత్సవంలో సోలో పాడడానికి ఒప్పుకుంది. పాట చివర్లో ఆమెతో గొంతు కలపడానికి వెనక వరుసలో ఆడపిల్లలం నిలబడ్డాం. అన్నిటికన్నా పైస్వరం దగ్గర ఆమె గొంతు చీలిపోయింది. హాల్లో ఎవరో నవ్వారు.

ఆమె ఆగింది. కీబోర్డు వాయించే అబ్బాయి ఆమెవైపు వంగి, "అక్కా, శ్రుతి జర కిందికి దించాల్నా?" అన్నాడు.

"వద్దు తమ్మీ, గదే శ్రుతిల వాయించు," అంది. తర్వాత సభవైపు తిరిగి, "ఏమనుకోకుండ్రి, ఆపరేషనైన గొంతు. ఇంకోపారి పాడ్త," అంది, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఈసారి స్వరం అందింది. మునుపటంత నిండుగా లేదు, సన్నగా కొంచెం వణికింది. కానీ నిలిచింది. మేం గొంతు కలపాల్సిన చోటు వచ్చినా వింటూ ఉండిపోయాం. చివరిదాకా ఆమె ఒక్కతే పాడింది.

స్టేజీ దిగాక మామీద విరుచుకుపడింది. "మీ నోళ్లకేమైందే? నన్నొక్కదాన్నే వదిలేసిండ్రు!"

అందరం వెళ్లి ఆమెను చుట్టేసుకున్నాం.