ఫ్రీజర్ పెట్టె, గొర్ల తొట్టి

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో ఒక చిన్న ట్రస్టులో పనిచేసేవాణ్ణి. ఎరువుల దుకాణం మీద ఒక గది, రెండు బల్లలు, గోడకు వరసగా దాతల ఫోటోలు. ఊళ్లకు పోయి ఏం కావాలో అడగాలి, ఇవ్వాలనుకునే దాతలకు ఆ మాట చేర్చాలి. అంతే మా పని. మా పెద్దసారు రిటైరైన హెడ్మాస్టరు. ఇది పెళ్లి సంబంధాలు కుదర్చడం లాంటిదేనని ఆయన అనేవారు. నిజంగానే పెళ్లిళ్ల పేరయ్యకుండే తలనొప్పులన్నీ మాకుండేవి. అడిగేవాళ్లకు కావాల్సింది ఇచ్చేవాళ్లకు నచ్చదు. ఇచ్చేవాళ్లు తెచ్చింది పెట్టుకోవడానికి ఊళ్లో జాగా ఉండదు. ఒక ఊరికి మూడు కమాన్లు కట్టించాం, ముగ్గురు దాతల తండ్రుల జ్ఞాపకార్థం. ఆ ఊరికున్నదేమో ఒకటే దారి.

దేవరకొండ అవతల రాళ్ల నేలల్లో ఒక చిన్న ఊరు ఉండేది. వాన పడితే ఆముదాలు, కందులు, పడకపోతే గొర్రెలు. నేను మొదటిసారి పోయినప్పుడు అందరికంటే ముందు చేతికర్ర ఊపుకుంటూ ఒక అవ్వ వచ్చింది. ఆమెకు ఒక మంద ఉంది, కూతుర్ని పక్క ఊరికే ఇచ్చింది, మొగుడు ఎన్నడో పోయాడు.

"ఏమిస్తరు కొడుకా?" అంది.

"ఏం కావాల్నో నువ్వే చెప్పు అవ్వా."

"తొట్టి."

చేయి పట్టుకుని బోరు దగ్గరికి లాక్కుపోయింది. బోరు నీళ్లు గుంతలో పడుతున్నాయి. గుంత చుట్టూ మోకాలి లోతు బురద. గొర్రెలు తాగడానికి దిగితే కాళ్లు కూరుకుపోతున్నాయి, గిట్టలు చెడిపోతున్నాయి, పిల్లలైతే బయటికే రాలేకపోతున్నాయి. ఇంకో చోటికి తోలుకుపోదామంటే పెద్ద రోడ్డు దాటాలి, లారీలు ఆగవు. ఒక సిమెంటు తొట్టి కడితే మంద దక్కుతుంది. "గీ ఎండకాలం దాకా చూస్త. తొట్టి లేకుంటె మందనమ్ముత. అమ్మినంక నేనేం జెయ్యాలె, గోడ దిక్కు చూసుకుంట కూసోవాల్నా?" అని అడిగింది.

సరిగ్గా అదే వారం ఒక దాత దొరికాడు. హైదరాబాదులో టైల్స్ దుకాణం ఉన్నాయన, పుట్టింది కట్టంగూర్ దిక్కు. వాళ్ల నాయిన మండుటెండల్లో చనిపోయాడట. దూరం నుంచి రావాల్సిన వాళ్లు వచ్చేసరికి మనిషిని చూసే స్థితి లేదట. "గా కష్టం పగోనికి సుత రావొద్దు సార్," అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూశాక ఎగతాళి చేయబుద్ధి కాలేదు. నాయిన పేరు రాయించి ఒక ఊరికి శవాన్ని పెట్టే ఫ్రీజర్ పెట్టె ఇస్తానన్నాడు. నేను తొట్టి సంగతి ఎత్తాను.

"తొట్టా? మా నాయిన పేరు గొర్లు నాకాల్నా సార్?"

పెద్దసారు బల్ల కింద నా కాలు తొక్కారు. దాత మనసు కష్టపెట్టకూడదన్నది మా ట్రస్టులో మొదటి నియమం. రెండో నియమం లేదు.

అట్లా అవ్వ ఊరికి పెట్టె వచ్చింది. ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. సర్పంచ్ రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, "గీ పెట్టె మన ఊరోళ్లందరికి అక్కరకు రావాలని మనసారా కోరుకుంటున్న," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలాయన మెల్లగా లేచి, చెప్పులు వెతుక్కుని, వెనక్కి చూడకుండా ఇంటికి పోయాడు. ఎంత చల్లగా ఉంటుందో చూపించడానికి కంపెనీ మనిషి లోపల పుచ్చకాయ పెట్టి, కాసేపటికి తీసి కోశాడు. ఎర్రగా, మంచు పట్టినట్టు ఉంది. ఆ ఎండలో అంత మంచి పుచ్చకాయను ఒక్కరూ ముట్టలేదు.

పెట్టెను పంచాయతీ ఆఫీసులో పెట్టారు. గదంతా అదే కావడంతో సర్పంచ్ కుర్చీ వసారాలోకి వచ్చింది.

ఇక సోమవారం సోమవారం దాత ఫోన్ చేసేవాడు. "ఏమన్న అయిందా సార్?"

"లేదు సార్. అందరు మంచిగనే ఉన్నరు," అనేవాణ్ణి, ఏదో తప్పు జరిగినట్టు.

"పర్లేదు, పర్లేదు. చూద్దాం," అనేవాడు దిగులుగా.

ఆ ఊళ్లో ఎవరూ పోలేదని కాదు. పోయారు. కానీ పెట్టె జోలికి ఎవరూ వెళ్లలేదు. ఎందుకని కులపెద్దను అడిగితే నన్ను వింతగా చూశాడు. "శవాన్ని ఆపుడు ఎవలి కోసం సారూ? బిడ్డలు గీడనే, సుట్టాలు గా పక్కూళ్లె. కబురు పోయిన గంటల అందరొస్తరు. ఇంక శవం లేచేదాంక గొర్లను దొడ్డి దాటనియ్యం మేము. మీ పెట్టెల పెట్టి రెండొద్దులు ఆపితె గవి ఆకలికి సావయా?" అన్నాడు.

ఊరి అవసరాలు కనుక్కోవడమే ఉద్యోగంగా ఉన్న నేను ఈ మాట పెట్టె దిగాక విన్నాను. దాతకు చెబుదామని ఫోన్ తీస్తే ఆయనే ముందు మాట్లాడాడు. "ఒక్క ఫోటో సార్. నాయిన పేరున్న పెట్టె ఒకరికన్న అక్కరకొచ్చిందని కండ్లార చూస్తె చాలు. తర్వాత మీరేదడిగిన ఇస్త. తొట్టి అడుగున్రి, తొట్టే ఇస్త."

ఈ మాట అవ్వతో అనకుండా ఉండాల్సింది. అన్నాను.

అవ్వ చేతికర్ర పక్కన పెట్టింది. "అంటె పెట్టెల ఎవలన్న పండుకుంటె తొట్టొస్తదా?"

"పండుకుంటె కాదవ్వా. పోతె."

"ఫోటోల రెండొక్కతీరుగనే ఉంటయి గదా."

కుదరదన్నాను. ట్రస్టు మర్యాద, దాత నమ్మకం, ఇంకా ఏవేవో పెద్ద మాటలు చెప్పాను. ఆమె విన్నది, లేచిపోయింది. తర్వాత మళ్లీ నేను ఆ ఊరికి పోయేసరికి ఎండలు ముదిరాయి. అవ్వ బోరు గట్టు మీద కూర్చుని ఉంది. ఒడిలో బురదతో తడిసిన గొర్రెపిల్ల, మెడ వాలేసి. దాన్ని నిమురుతూనే నాతో మాట్లాడింది.

"నాది ఉత్త పండుకునుడే కొడుకా. దీనిది నిజం సావు."

సరే అన్నాను. ఒక ఫోటో వస్తుందని మాత్రం పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ ఉతికిన చీర కట్టుకుని, దవడన ఆకు పెట్టుకుని వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని నేను చెప్పిన సంగతిని కూడా కలిపి ఊరంతా చెప్పింది. కాబట్టి ఊరంతా వచ్చింది. గాలాడడానికి అద్దం మూత కింద కందికట్టె అడ్డం పెట్టాం. కరెంటు వేయాల్సిందేనని పట్టుబట్టింది, ఉక్కపోస్తోందట. లోపల కాళ్లు చాపుకుని "అబ్బ, గింత సల్లగున్నది పీనుగలకెందుకు పెట్టిన్రే!" అంది. నేను ఫోన్ తీసి సరిచూసుకునే లోపు నిద్రపోయింది. గురక మొదలైంది. ఫోటోలో గురక పడదు కానీ నోరు ఆకు నములుతూనే ఉంది. అవ్వా, అవ్వా అని పిలుస్తున్నాను, వసారా ముందు తెల్ల కారు ఆగింది.

దాత. చేతిలో బంతిపూల దండ. ఫోటో వస్తోందని పెద్దసారు ఆయనకు ముందే చెప్పేశారట. ఫోటో ఎందుకు, స్వయంగా వచ్చి దండం పెట్టుకుంటానని బయలుదేరాడట.

ఊరివాళ్లు ఏదో ఒకటి చెప్పి ఆయన్ను బయటే ఆపుతారనుకున్నాను. కానీ వాళ్లది మర్యాద తెలిసిన ఊరు. దండ పట్టుకుని మనిషి గడప తొక్కితే ఊరికే నిలబడటం వాళ్లకు చేతకాదు. ముందుగా ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పక్కనున్నామె "ఓ అవ్వో, మమ్ముల ఇడిసిపెట్టి పోతివా" అని రాగం తీసింది. ఆ రాగానికి మిగతావాళ్లు అందుకున్నారు. కులపెద్ద తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. సర్పంచ్ చేతులు కట్టుకున్నాడు. నేను కూడా, ఏం చేయాలో తెలియక, తల వంచుకున్నాను.

ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి అద్దం మీద దండ పెట్టాడు. చేతులు జోడించాడు. "మా నాయినకు దొరకలే. నీకన్న దొరికింది తల్లీ," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అద్దం మసకగా ఉందని రుమాలుతో తుడిచాడు. మసక పోలేదు. అది లోపలి నుంచి పడుతున్న ఆవిరి. ఆయన వంగి ఇంకా గట్టిగా తుడుస్తుండగా ఈ ఏడుపులకు అవ్వకు మెలకువ వచ్చింది. మూత పైకెత్తి లేచి కూర్చుంది.

"ఎవలు వోయిన్రే?" అంది గాబరాగా.

దాత గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారాడు. అవ్వ ఒళ్లో పడ్డ దండను చూసింది, ఆయన్ను చూసింది.

"నువ్వేనా బిడ్డా ఆ దాతవు? తొట్టెన్నడు కట్టిస్తవు?"

తేరుకున్నాక ఆయన ముందు నన్ను తిట్టాడు. "ట్రస్టా ఇది, నాటకాల కంపెనీయా? సచ్చినోళ్లతోని పరాచికాలా?" అన్నాడు. చచ్చినవాళ్లు ఎవరూ లేరని చెప్పబోయి ఊరుకున్నాను. అవ్వ పెట్టె దిగి, ఎవరి ఇంటి నుంచో చెంబుతో చల్ల తెప్పించి ఆయన చేతికిచ్చింది.

"సారుననకు. నేనే పండుకుంట అన్న. మీ పెట్టె మంచిదే బిడ్డా, గని మాకు దూరంకెల్లి వచ్చేటోళ్లు లేరు. ఎవలి కోసం ఆగాలె మేము?" చెంబు ఆయన నోటి దాకా పోయేవరకు ఆగి అడిగింది. "మీ నాయిననెవలి కోసం ఆపిన్రు?"

ఆయన చల్ల తాగలేదు.

"నా కోసమే అవ్వా," అన్నాడు. "సూరత్‌ల మిల్లుల పనిచేస్తుంటి. రైళ్లు మారి మారి వచ్చిన. నేనొచ్చేటాళ్లకు... మొకం చూడనియ్యలే నన్ను."

ఆ దూరం నుంచి రావాల్సిన వాళ్లు ఆయనేనని నాకు అప్పటిదాకా తెలియదు. ఎన్ని సోమవారాలు మాట్లాడినా అడగాలని తోచలేదు.

అవ్వకు ఓదార్చడం రాదనుకుంటాను. "గట్లనా," అంది. ఆయన చేతిలోని చెంబు తీసి పక్కన పెట్టి, "రా, గొర్లను చూద్దువు," అని లేవదీసింది. బోరు దగ్గరికి తీసుకుపోయింది. వద్దన్నా వినకుండా ఆయన ముందుకు నడిచి బురదలో మోకాళ్ల దాకా దిగబడ్డాడు. నలుగురు పట్టి లాగితే మనిషి వచ్చాడు, ప్యాంటు నిండా బురదతో. అంతకంటే వివరంగా మా ట్రస్టు తరఫున ఎవరూ ఏ దాతకూ ఒక ఊరి అవసరాన్ని చెప్పలేదు.

ఆ వారంలోనే తొట్టి పని మొదలైంది. టైల్స్ దుకాణమాయె, బాత్రూముకు వేసే తళతళలాడే తెల్ల టైల్స్ బయటి గోడంతా అతికించాడు. ముందు భాగంలో నాయిన పేరు. ఇట్లాంటి తొట్టి జిల్లాలో ఇంకెక్కడా లేదని సర్పంచ్ మురిసిపోయాడు. అందులో తమ నీడ చూసుకుని పొట్టేళ్లు ఇంకో మంద వచ్చిందనుకున్నాయి. వెనక్కి పోయి, పరిగెత్తుకొచ్చి ఢీకొట్టేవి. అవ్వ రోజూ వాటిని తిడుతూ, పగిలిన టైల్స్ మీద పేడ పూసేది. ఆమె మంద అమ్మలేదు.

పెట్టెను కొల్లాపూర్ దిక్కు ఒక ఊరికి పంపాం. అక్కడ సగం ఊరు దూరదేశాల్లో కూలికి పోయి ఉంటుంది. అక్కడ అది ఖాళీగా లేదు. ఫోటోలు ఎవరూ తీయలేదు, ఆయనా అడగలేదు. సోమవారం ఫోన్లు మాత్రం మానలేదు. "గొర్లు తాగుతున్నయా సార్? అవ్వెట్లున్నది?"

కొన్ని ఎండాకాలాలు గడిచాయి. ఒక ఉదయం సర్పంచ్ ఫోన్ చేశాడు. అవ్వ నిద్రలోనే పోయిందట. నేను దాతకు చెప్పాను.

"ఆపున్రి సార్. నేనొస్తున్న," అన్నాడు.

నేను పోయి ఆ మాట చెబితే కులపెద్ద నమ్మలేదు. "ఆపుడా? మా ఊళ్లె? ఎవలి కోసం?"

చెప్పాను. తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. పెట్టెనేమో మేమే కొల్లాపూర్ దిక్కు పంపించి ఉంటిమి. అవ్వను వేపచెట్టు నీడన పడుకోబెట్టి, చుట్టూ గోనెసంచులు పరిచారు. ఆడవాళ్లు వరసగా తొట్టి నీళ్లు తెచ్చి వాటిని తడుపుతూనే ఉన్నారు. పొద్దు నెత్తిమీదికొచ్చింది. దొడ్లల్లో గొర్రెలన్నీ ఒక్కసారి అరవడం మొదలుపెట్టాయి. కులపెద్ద ఎంతసేపు విన్నాడో, లేచిపోయి అవ్వ దొడ్డి తడిక తనే తీశాడు. "తొట్టికాడికి తోలున్రి. గవి ఎండుతుంటె ఈమె ఊకుంటదా, మల్ల లేచి కూసుంటది," అన్నాడు. అప్పుడు ఏడ్చాను నేను.

కారు వచ్చేసరికి పొద్దు వాలింది. ఆయన దండ పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడు. జనం తప్పుకున్నారు. అవ్వ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వంగి, తనివితీరా ఆమె మొహం చూశాడు. మధ్యలో అద్దం లేదు. దండ చేతిలోనే ఉంది. నా వైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"సార్, గీసారి నిజమేనా?"

నిజమే అన్నాను. అప్పుడు దండ వేశాడు.